బి.పి. మాత్ర కూర్చునే చోటును మెరుపు వెలుగులో చూశారు

రక్తపోటుకు రోజూ మాత్ర వేసుకునేవారు ఇవాళ ప్రతి పల్లెలోనూ కనిపిస్తున్నారు. లోసార్టన్, టెల్మిసార్టన్, ఆమ్లోడిపిన్ వంటి పేర్లు చదువురాని ముసలివారి నోళ్లలో కూడా నలుగుతున్నాయి. మాత్ర వేసుకుంటే బి.పి. తగ్గుతుందని అందరికీ తెలుసు. కాని ఆ మాత్ర ఒంట్లోకి పోయి ఎక్కడ కూర్చుంటుంది, ఏ తలుపును మూస్తుంది అన్న సంగతి చాలాకాలం పాటు దానిని కనిపెట్టిన శాస్త్రజ్ఞులు కూడా కంటితో చూసినట్లు చెప్పలేకపోయారు. లోసార్టన్ 1995లో అమెరికా మార్కెట్టులోకి వచ్చింది. ఆ జాతి మందులు కూర్చునే చోటు బొమ్మ 2015లో గాని బయటికి రాలేదు. మధ్యలో ఇరవై ఏళ్లు గడిచాయి.

ఆ బొమ్మ తీసినది ఆసుపత్రిలో వుండే ఎక్స్‌రే యంత్రం కాదు. దాని పేరు ఎక్స్‌రే లేసరు. అది వున్నది అమెరికాలో. అయితే ఈ కథకు సంబంధించిన కొసలు కొన్ని హైదరాబాదులోనూ వున్నాయి. చేవెళ్ల, శంకరపల్లి, మొయినాబాదు వైపు నుంచి రోజూ బస్సెక్కి హైటెక్ సిటీ పనులకు పోయేవారు దాటిపోయే గేట్ల వెనుకనే ఈ విద్యకు సంబంధించిన చదువులు, లెక్కలు సాగుతున్నాయి.

చెరువుకు తూము ఎట్లాగో, కణానికి మాంసకృత్తి అట్లాగే

మనిషి ఒళ్లు కోట్ల కోట్ల జీవకణాలతో తయారయింది. ఒక్కొక్క కణాన్ని ఒక చిన్న చెరువు అనుకుంటే, దాని చుట్టూ వుండే పలచని కొవ్వు పొర చెరువు కట్ట వంటిది. కట్ట వుంటేనే నీరు నిలుస్తుంది. కాని కట్ట ఒక్కటే వుంటే లాభం లేదు. లోపలి నీరు పొలానికి పోవడానికి తూము వుండాలి, ఎక్కువైన నీరు పొర్లిపోవడానికి మత్తడి వుండాలి, ఎప్పుడు తెరవాలో ఎప్పుడు మూయాలో చూసే నీరటి వుండాలి.

కణం పొరలో ఈ పనులన్నీ చేసేవి మాంసకృత్తులు. మనం పప్పులోను గుడ్డులోను తినే మాంసకృత్తుల జాతివే ఇవి కూడా. కాని ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఆకారం, ఒక్కొక్క పని. కొన్ని ఉప్పును లోపలికి బయటికి పోనిచ్చే తూములు. కొన్ని మోటారు లాగా ఒక పదార్థాన్ని తోడి అవతల పోసేవి. కొన్ని బయటి నుంచి వచ్చిన కబురును అందుకుని లోపలికి చేరవేసేవి.

రక్తపోటు సంగతి ఈ చివరి రకానికి చెందినది. రక్తంలో యాంజియోటెన్సిన్ అనే పదార్థం తయారవుతుంది. రక్తనాళాల గోడలోని కణాల పొరలో దానిని అందుకునే మాంసకృత్తి ఒకటి వుంది. కబురు అందగానే నాళం బిగుసుకుంటుంది. నాళం ఇరుకైతే రక్తపోటు పెరుగుతుంది. లోసార్టన్, టెల్మిసార్టన్ మాత్రలు చేసే పని ఏమిటంటే, ఆ మాంసకృత్తిలోని గుంటలో ముందుగా పోయి కూర్చోవడం. తాళం కప్పలో పుల్ల విరిగి ఇరుక్కుంటే అసలు తాళంచెవి లోపలికి పోదు గదా! అట్లాగే యాంజియోటెన్సిన్‌కు చోటు దొరకదు. నాళం బిగుసుకోదు.

ఆమ్లోడిపిన్ పనిచేసేది కూడా పొరలోని మాంసకృత్తి మీదనే. అది కాల్షియం లోపలికి పోయే తూమును మందగింపజేస్తుంది. కడుపులో మంటకు వాడే ఒమెప్రజోల్ కడుపు గోడలో ఆమ్లాన్ని తోడే మోటారును ఆపుతుంది. ఇప్పుడు వాడుకలో వున్న మందులలో సగానికి పైగా పొరలోని మాంసకృత్తుల మీదనే పనిచేస్తాయని అంచనా. అందుకే వాటి ఆకారం తెలుసుకోవాలని శాస్త్రజ్ఞులకు అంత ఆరాటం.

పటికబెల్లం కట్టినట్లు కట్టాలి

ఈ మాంసకృత్తులు ఎంత చిన్నవో ఊహించడం కష్టం. ఒక మిల్లీమీటరు పొడవున పరమాణువులను పక్కపక్కన పేర్చితే సుమారు కోటి పడతాయి. మామూలు వెలుతురు అల అంతకన్న వేల రెట్లు పెద్దది. ముతక జల్లెడలో సన్నపిండి నిలవనట్లు, మామూలు వెలుతురుకు పరమాణువులు అందవు. ఎక్స్‌రే కిరణాల అల పరమాణువుకు సరితూగేంత చిన్నది. అందువల్ల వాటిని వాడతారు.

ఒక్క మాంసకృత్తి మీద కిరణాలు పడితే వచ్చే జాడ చాలా బలహీనంగా వుంటుంది. కోట్ల సంఖ్యలో ఒకే తీరుగా వరుసలు కట్టి నిలబడితే అందరూ కలిసి ఒకే గొంతుతో పలికినట్లు జాడ గట్టిపడుతుంది. అట్లా వరుసలు కట్టిన ముద్దనే స్ఫటికం అంటారు. చక్కెర పాకం నెమ్మదిగా చల్లారితే పటికబెల్లం పలుకులు కట్టుకుంటాయి. ఉప్పు మడిలో నీరు ఇంకితే ఉప్పు రవ్వలు కట్టుకుంటాయి. మాంసకృత్తుల స్ఫటికాలు కూడా అదే తీరున కట్టాలి. దాని మీద ఎక్స్‌రే కిరణాలు ప్రసరింపజేస్తే చెదిరిన చుక్కల ముగ్గు వంటి చిత్రం వస్తుంది. ఆ ముగ్గును లెక్కగట్టి మాంసకృత్తి ఆకారం రాబడతారు. ఇంగ్లండులో జాన్ కెండ్రూ 1958లో మొదటిసారిగా ఒక మాంసకృత్తి ఆకారాన్ని ఈ పద్ధతిలోనే చూపించాడు.

నీటిలో కరిగే మాంసకృత్తుల పని కొంత తేలిక. పొరలోని వాటితో వచ్చింది చిక్కు. అవి సగం నూనెలో, సగం నీటిలో బతికేవి. పొరలో నుంచి బయటికి లాగితే ముద్దకట్టి పాడవుతాయి. సబ్బు నూనె మరకను పట్టుకుని విడదీసినట్లు, సబ్బుజాతి పదార్థాలతో వాటిని జాగ్రత్తగా విడదీయాలి. జర్మనీలో హార్ట్‌మూట్ మిషెల్, యోహాన్ డైజెన్‌హోఫర్, రాబర్ట్ హూబర్ 1985లో మొదటిసారి ఒక సూక్ష్మజీవి పొరలోని మాంసకృత్తి ఆకారం సాధించారు. సూర్యకాంతిని పట్టుకునే మాంసకృత్తి అది. ఆ ముగ్గురికి 1988లో నోబెల్ బహుమతి వచ్చింది.

తర్వాత 1996లో కొవ్వును నీటితో కలిపి పళ్లపేస్టు వంటి చిక్కటి ముద్ద చేసి, అందులో స్ఫటికాలు పెంచే ఉపాయం కనిపెట్టారు. పొరలోని మాంసకృత్తికి అది తన ఇల్లులాగే వుంటుంది. కాని అందులో కట్టే స్ఫటికాలు చాలావరకు కంటికి ఆననంత చిన్నవి. చిన్న స్ఫటికం నుంచి జాడ కావాలంటే కిరణాల జోరు పెంచాలి. జోరు పెంచితే స్ఫటికం మాడిపోతుంది. ముందుకు పోతే గొయ్యి, వెనక్కి పోతే నుయ్యి అన్నట్లు అయింది.

పిడుగు పడేలోపే బొమ్మ

అమావాస్య రాత్రి వానలో మెరుపు మెరిస్తే, ఊగుతున్న చెట్టుకొమ్మ కూడా నిలిచిపోయినట్లు స్పష్టంగా కనిపిస్తుంది. మెరుపు అంత తక్కువ సేపు వుంటుంది గనుక కొమ్మ కదిలే వ్యవధి వుండదు. ఆ మెరుపే పిడుగై చెట్టును కాల్చినా, కాలే ముందు చెట్టు కనిపించిన మాట నిజమే గదా!

ఎక్స్‌రే లేసరు కిటుకు ఇదే. స్ఫటికం మాడక తప్పకపోతే మాడనివ్వండి, మాడేలోపే బొమ్మ తీసుకుందాం అన్నారు శాస్త్రజ్ఞులు. 2000లో స్వీడనులో పనిచేస్తున్న శాస్త్రజ్ఞులు రిచర్డ్ నాయిట్జె, యానోష్ హైడు బృందం ఇది సాధ్యమేనని లెక్కగట్టి చూపించింది. అందుకు కావలసిన మెరుపు సెకనులో వెయ్యోవంతో లక్షోవంతో వుంటే చాలదు. ఒక సెకనును పది కోట్ల కోట్ల భాగాలు చేస్తే ఒక్క భాగాన్ని ఫెమ్టోసెకను అంటారు. మెరుపు కొన్ని పదుల ఫెమ్టోసెకన్లకు మించరాదు.

అటువంటి యంత్రం కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ దగ్గర 2009లో మొదలయింది. అక్కడ 1960లలో కట్టిన సుమారు 3 కిలోమీటర్ల పొడవైన గొట్టం వుంది. మన పాత లెక్కలో చెప్పాలంటే ఇంచుమించు కోసు దూరం. దాని చివరి కిలోమీటరును ఈ పనికి మళ్లించారు. ఎలక్ట్రాన్ల గుంపును కాంతి వేగానికి దగ్గరగా పరుగెత్తించి, ఉత్తర దక్షిణ ధ్రువాలు మార్చి మార్చి పేర్చిన అయస్కాంతాల వరుస మధ్య నుంచి పోనిస్తారు. ఆ గుంపు పాములాగా మెలికలు తిరుగుతూ పోతుంది. ప్రతి మెలికలోనూ ఎక్స్‌రే కిరణం పుడుతుంది. అన్నీ ఒకే తాళంలో కలిసి ఒక్క మెరుపుగా బయటికి వస్తాయి. సెకనుకు 120 మెరుపులు.

మెరుపు దారిలో స్ఫటికాలను సన్నని ధారగా పోస్తారు. మెరుపు తగిలిన స్ఫటికం పేలిపోతుంది. పేలేలోపే దాని ముగ్గు తెరమీద పడిపోతుంది. వెనుకనే ఇంకో స్ఫటికం వస్తుంది. పెట్రా ఫ్రోమె, హెన్రీ చాప్‌మన్, జాన్ స్పెన్స్ తదితరులు ఈ పద్ధతిలో సూర్యకాంతితో ఆహారం తయారుచేసే మాంసకృత్తి స్ఫటికాలను పరీక్షించి 2011లో ఫలితం ప్రకటించారు. 30 లక్షలకు పైగా చిత్రాలు తీశారు. పద్ధతి పనిచేస్తుందని రుజువైంది.

2013లో పళ్లపేస్టు వంటి ముద్దనే సన్నని ధారగా వదిలి, సెరటోనిన్ అనే పదార్థాన్ని అందుకునే మాంసకృత్తి బొమ్మ తీశారు. 2015లో వాదిమ్ చెరెజోవ్ బృందం యాంజియోటెన్సిన్‌ను అందుకునే మాంసకృత్తి బొమ్మ తీసింది. బి.పి. మాత్ర కూర్చునే గుంట అప్పుడు మొదటిసారి కనిపించింది. ఆ బొమ్మలో గుంటలో వున్నది మార్కెట్టులోని మాత్ర కాదు, అదే జాతికి చెందిన పరిశోధక పదార్థం. మార్కెట్టులో వున్న మందులు అదే గుంటలో ఏ తీరున కూర్చుంటాయో తర్వాత కంప్యూటరులో అమర్చి చూశారు. అన్నీ ఒకే చోట కూర్చున్నా, ఒక్కొక్కటి కాళ్లు చాపుకునే తీరు వేరువేరుగా వుందని తేలింది.

ముక్కలు కలిపేది కంప్యూటరు

ఇక్కడనే హైటెక్ సిటీ వంటి చోట్ల నేర్చే విద్యకు పని పడుతుంది. ఎక్స్‌రే లేసరులో ప్రతి స్ఫటికం ఒక్క చిత్రమే ఇచ్చి పోతుంది. ధారలో అది ఏ పక్కకు తిరిగి వున్నదో ఎవరికీ తెలియదు. చాలా మెరుపులు ఏ స్ఫటికానికీ తగలకుండానే పోతాయి. లక్షల చిత్రాలలో పనికివచ్చేవి ఏరుకోవాలి, ఏది ఏ దిక్కుదో గుర్తించాలి, అన్నింటినీ కలిపి ఒక్క ఆకారం చేయాలి. వడ్లలో తాలు తూర్పారబట్టినట్లు ఈ పనంతా కంప్యూటర్లే చేయాలి. స్టాన్‌ఫర్డ్‌లో 2023లో మొదలయిన కొత్త యంత్రం సెకనుకు పది లక్షల మెరుపుల దాకా ఇవ్వగలిగేటట్లు కట్టినది. చిత్రాలు పెరిగినకొద్దీ లెక్కల పని కూడా పెరుగుతున్నది.

మాదాపురంలో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమయింది. అదే సంవత్సరం గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ వచ్చింది. అక్కడ జీవశాస్త్రపు లెక్కలు, అణువుల లెక్కలు కంప్యూటరులో చేసే పరిశోధన విభాగం వుంది. గుంటూరులో 1947లో పుట్టిన గణితజ్ఞుడు మాతుకుమల్లి విద్యాసాగర్ హైదరాబాదులో టాటా కన్సల్టెన్సీ పరిశోధన విభాగాన్ని నడిపిన రోజులలో, 2004లో, బయోసూట్ అనే కంప్యూటరు ప్రోగ్రాముల సంపుటి బయటికి వచ్చింది. మాంసకృత్తుల ఆకారాలు పరిశీలించడానికి, మందులు అందులో అమరుతాయో లేదో చూడడానికి పనికివచ్చే సాధనం అది. కేంద్ర శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి సహకారంతో తయారయింది.

సైబర్ టవర్స్ లేవకముందే గచ్చిబౌలిలో స్ఫటికాల మీద పని జరిగింది. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయంలో గౌతమ్ దేశిరాజు 1979 నుంచి 2009 దాకా పనిచేశారు. స్ఫటికాలను కోరిన తీరులో కట్టించే విద్య మీద ఆయన 1989లో రాసిన పుస్తకం ప్రపంచమంతా చదివారు. ఆయన పని మాంసకృత్తుల మీద కాదు, చిన్న అణువుల మీద. మాత్రలలో వుండేవి ఆ చిన్న అణువులే.

సీసీఎంబీ నుంచి పోర్ట్‌లండు దాకా

పొరలోని మాంసకృత్తుల పనిలో హైదరాబాదు చదువు ఎంత దూరం పోయిందో చెప్పడానికి పెన్మత్స అరవింద్ కథ చాలు. ఆయన హైదరాబాదులోని సీసీఎంబీలో స్ఫటికాల విద్య నేర్చి డాక్టరేటు పొందారు. తర్వాత అమెరికాలోని పోర్ట్‌లండులో ఎరిక్ గువో ప్రయోగశాలలో చేరారు. అక్కడ డోపమిన్ అనే పదార్థాన్ని తిరిగి కణంలోకి చేరవేసే మాంసకృత్తిని పట్టుకున్నారు. మెదడులో ఉత్సాహానికి, కదలికకు సంబంధించిన పదార్థం డోపమిన్. మనిషి మాంసకృత్తి స్ఫటికం కట్టడం కష్టమని, మిగలపండిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగ మాంసకృత్తిని తీసుకున్నారు. రెండూ చాలావరకు ఒకే పోలిక.

2013లో ఆ బొమ్మ నేచర్ పత్రికలో వెలువడింది. మొదటి పేరు అరవింద్‌ది. మనోవ్యాధికి, నరాల నొప్పికి వాడే నార్‌ట్రిప్టిలిన్ అనే మందు ఆ మాంసకృత్తిని మధ్యలో పట్టి ఆపుతున్న తీరు అందులో కనిపించింది. ఇది ఎక్స్‌రే లేసరుతో తీసినది కాదు, సింక్రోట్రాన్ అనే మరో రకపు పెద్ద యంత్రం కిరణాలతో తీసినది. స్ఫటికం తగినంత పెద్దదిగా కట్టగలిగితే సింక్రోట్రాన్ చాలు. కట్టనని మొండికేసిన వాటికే లేసరు కావాలి.

ఆయన 2014లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో చేరారు. అక్కడ ఆయన బృందం 2021లో ప్రకటించిన పనులు రెండు మన పల్లెలకు కూడా సంబంధించినవే. నొప్పికి వాడే ట్రమడాల్, డులాక్సెటిన్ వంటి మందులు ఇటువంటి మాంసకృత్తిలో ఎక్కడ కూర్చుంటాయో ఒకటి చూపించింది. రెండవది చీము పుట్టించే క్రిమి సంగతి.

క్రిమి పెట్టుకున్న మోటారు

స్టాఫిలోకాకస్ అనే క్రిమి పుండ్లలో చీము పుట్టిస్తుంది. కొన్ని క్రిములకు ఇప్పుడు మందులు పనిచేయడం లేదు. అందుకు కారణాలు అనేకం. వాటిలో ఒకటి క్రిమి పొరలోని మాంసకృత్తి మోటార్లు. లోపలికి వచ్చిన మందును ఇవి పడవలోకి వచ్చిన నీరు తోడిపోసినట్లు బయటికి తోడిపోస్తాయి. నార్‌సీ అనే మాంసకృత్తి ఈ మోటార్ల జాతిదే. ఒంటె ఒంట్లో తయారయ్యే చిన్న రోగనిరోధక పదార్థం ఒకటి దానికి అతుక్కుని నోరు మూస్తున్న తీరును అరవింద్ బృందం స్ఫటికం ద్వారా చూపించింది. మోటారు నోరు మూయడం ఎట్లాగో తెలిస్తే, పాత మందుకే మళ్లీ పదును పెట్టే దారి దొరకవచ్చు. ఇది ఇంకా మందు కాలేదు, ప్రయోగశాలలోనే వుంది.

ఈలోగా మన చేతిలో వున్న జాగ్రత్త మన చేతిలోనే వుంది. డాక్టరు చెప్పకుండా యాంటీబయాటిక్ మాత్రలు కొనుక్కుని వేసుకోవడం క్రిమికి ఇట్లాంటి మోటార్లు పెట్టుకునే అవకాశం ఇవ్వడమే. బి.పి. మాత్ర సంగతి దీనికి ఎదురు. ఒంట్లో బాగుంది గదా అని దానిని సొంతంగా మానేయరాదు. గుంటలో కూర్చున్న మందు కొంతసేపటికి లేచిపోతుంది. మర్నాడు మళ్లీ మాత్ర పడకపోతే యాంజియోటెన్సిన్ వచ్చి ఆ చోటులో కూర్చుంటుంది. రక్తపోటు చడీచప్పుడు లేకుండా మళ్లీ పెరుగుతుంది.

లేనిది, వున్నది

ఎక్స్‌రే లేసరు యంత్రం హైటెక్ సిటీలో లేదు, మన దేశంలో ఎక్కడా లేదు. అమెరికా, జపాను, దక్షిణ కొరియా, జర్మనీ, స్విట్జర్లాండు వంటి కొద్ది దేశాలలోనే వుంది. జర్మనీలో 2017లో ప్రారంభమయిన యంత్రం పొడవు 3.4 కిలోమీటర్లు. మన దేశంలో ఇండోరులోని ఇండస్-2 సింక్రోట్రాన్‌లో మాంసకృత్తుల స్ఫటికాలు పరీక్షించే ఏర్పాటు వుంది. లేసరు కావలసిన మనవారు విదేశాల వారితో కలిసి, అక్కడి యంత్రం మీద గంటలు అడిగి తెచ్చుకోవలసిందే. ఇరిగేషను కాలువలో వంతు నీటి కోసం కాచుకున్నట్లు కాచుకోవాలి.

ఇటీవల కంప్యూటరే మాంసకృత్తి ఆకారాన్ని ఊహించి చెప్పే పద్ధతి వచ్చింది. అందుకు 2024లో నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. అయితే ఆ కంప్యూటరుకు చదువు చెప్పినవి గత యాభై ఏళ్లలో స్ఫటికాల ద్వారా, ఇతర పద్ధతుల ద్వారా మనుషులు కష్టపడి తీసిన బొమ్మలే. ఊహ సరైనదా కాదా అని తేల్చుకోవడానికి ఇప్పటికీ ప్రయోగమే దిక్కు.

లేనివి అనేకం వున్నా, పైసా ఖర్చు లేకుండా అందరికీ వున్నది ఒకటుంది. 1971లో మొదలయిన ప్రోటీన్ డేటా బ్యాంకులో ఈ బొమ్మలన్నీ దాచిపెట్టారు. తాళం లేదు, రుసుము లేదు. బి.పి. మాత్ర కూర్చునే మాంసకృత్తికి అక్కడ 4వైఏవై అని గుర్తు. అరవింద్ తీసిన ఈగ మాంసకృత్తికి 4ఎం48. వికారాబాదు కాలేజీలోని విద్యార్థి అయినా, హార్వర్డులోని ప్రొఫెసరు అయినా తెరిచి చూసేది అదే బొమ్మ.

హైదరాబాదు చుట్టుపక్కల ఫ్యాక్టరీలలో లోసార్టన్, టెల్మిసార్టన్ వంటి మందులు టన్నుల లెక్కన తయారై దేశదేశాలకు పోతున్నాయి. ఒకరు కనిపెట్టిన మందును చవకగా, మేలుగా తయారుచేయడంలో మనవారికి పేరు వచ్చింది. కొత్త మందును మొదట తామే కనిపెట్టిన పేరు కూడా రావాలంటే, అది పోయి కూర్చునే గుంటను చూడగలిగే చదువు కావాలి. ఇంటర్మీడియెట్‌లో భౌతికం, రసాయనం, జీవశాస్త్రం చదివే పిల్లలకు ఆ దారి తెరిచే వుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఒక్కటే చదువుకు గమ్యం అనుకునే తల్లిదండ్రులు ఆ గచ్చిబౌలి రోడ్డులోనే, ఆ అద్దాల మేడల పక్కనే, విశ్వవిద్యాలయం గేటు కూడా వుందని పిల్లలకు చూపిస్తే మంచిది.